ఆమె తరఫున పెట్టిన సంతకం

మామూలుగా నా చేతిరాత నాకే అర్థం కాదు. తలరాత కూడా అంతే కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. కంప్యూటర్ నేర్చుకుని బతికేస్తున్నాను. కోపం వచ్చినప్పుడు మాత్రం అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా, ఎవరికైనా అర్థమయ్యేలా వస్తాయి. ఇది కాగితం మీద రాస్తున్నాను. అక్షరాలు చాలా బాగా వస్తున్నాయి.

జనగామలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సార్‌ని. ల్యాబులో పది కంప్యూటర్లు ఉంటే తొమ్మిది పనిచేస్తాయి. పదోది నాలాంటిది, ఓపిగ్గా అడిగితే పనిచేస్తుంది. ఈ పాటి అర్హతతోనే మా రైతు సంఘం నన్ను సాంకేతిక నిపుణుణ్ణి చేసింది. నాకు మూడెకరాలు ఉండడం వల్ల రైతునని, కంప్యూటర్ సార్‌ని కావడం వల్ల నిపుణుణ్ణని అనుకున్నారు. రెండూ పూర్తిగా నిజం కాదు.

సంఘం ఎందుకు పుట్టిందో చెప్పాలి. మహబూబాబాద్ దాటాక ఉన్న ఒక తండాలో ఒక ఏడాది మిరప చెట్లు నడుము దాకా పెరిగాయి, కాయ మాత్రం పడలేదు. విత్తనం నకిలీది. ఖాళీ ప్యాకెట్లు పట్టుకుని దుకాణానికి పోతే, ఇవి మా దగ్గర కొన్నవి కావు పొమ్మన్నారు. కొన్నామని తండావాళ్లు, అమ్మలేదని దుకాణంవాళ్లు. చూసినవాళ్లు ఎవరని అడిగితే, చేను తప్ప ఎవరూ లేరు.

తర్వాత కొన్ని రాష్ట్రాల రైతు సంఘాలు కలిసి నడుపుకుంటున్న ఒక బ్లాక్‌చెయిన్ సంగతి మాకు తెలిసింది. ఏ విత్తనం ప్యాకెట్ ఎక్కడ బయల్దేరి ఎవరి చేతులు మారి ఎవరి చేనుకు చేరిందో అందులో ఎక్కుతుంది. ఒకసారి ఎక్కితే ఎవరూ దిద్దలేరు. ఎందుకంటే ఆ పుస్తకం ఒక చోట ఉండదు. అదే పుస్తకం ఎన్నో ఊళ్లలో, ఎన్నో పెట్టెల్లో ఉంటుంది. కొత్త పేజీ వచ్చినప్పుడల్లా ఆ పెట్టెలు దాన్ని సరిచూసుకుని, సరిగ్గానే ఉందని సంతకం చేస్తాయి. మూడింట రెండు వంతులకు మించి సంతకాలు పడితేనే పేజీ ఖాయం. ఈ పెట్టెల్ని వ్యాలిడేటర్లు అంటారు. మావాళ్లు సాక్షి పెట్టెలు అన్నారు, అదే బాగుంది. పెట్టె ఎవరింట్లో ఉండాలో ఏ కంపెనీ చెప్పదు. ఆ ఊరి రైతులు కూర్చుని చేతులెత్తి చెబుతారు. దీన్నంతటినీ ముద్దుగా వికేంద్రీకరణ అంటారు. ఆ మాట పలకడం నేర్చుకోవడానికి మా సంఘానికి రెండు సమావేశాలు పట్టింది. పాటించడం ఇంకా నేర్చుకోలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకే రోజు పుట్టిన జిల్లాలు. మూడింటికీ కలిపి మా సంఘానికి నాలుగు పెట్టెలు వచ్చాయి. జనగామలో నా ఇంట్లో ఒకటి. తరిగొప్పులలో మా అధ్యక్షుడి రైస్ మిల్లులో ఒకటి. భూపాలపల్లి అవతల కాటారంలో, కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి ఇంట్లో ఒకటి. నాలుగోది ఆ తండాలో, నకిలీ విత్తనం గురించి అందరికంటే గట్టిగా కొట్లాడిన ఒకామె ఇంట్లో. తండాకు తండా చేతులెత్తి ఆమెను ఎన్నుకుంది. ఆమె టీవీ పెట్టుకునే చోటు ఖాళీ చేసి అక్కడ సాక్షి పెట్టె పెట్టుకుంది. నన్ను అన్న అనేది.

పెట్టె సంతకం చేయాలంటే దానికి ఒక కీ ఉండాలి. తాళంచెవి అనుకుంటే పొరపాటు. అది బొటనవేలు లాంటిది. ఎవరి వేలు వాళ్లదే. నియమాలు రెండే. కరెంటు పోయి పెట్టె పడుకుంటే గైర్హాజరు పడుతుంది. మరీ ఎక్కువైతే కొన్నాళ్లు పక్కన పెడతారు, మళ్లీ రావచ్చు. అందులో సిగ్గేమీ లేదు. కానీ ఒకే పేజీ మీద ఒకే కీ రెండు రకాలుగా సంతకం చేసిందంటే ఆ సాక్షికి రెండు నాలుకలు ఉన్నట్టు. ఆ కీని శాశ్వతంగా వెలి వేస్తారు.

పెట్టెలు బిగించిన వారంలోనే అధ్యక్షుడు నన్ను మిల్లుకు పిలిచాడు. మంచి మనిషి. అంటే, మంచిగా మాట్లాడే మనిషి. ఎవరి పెట్టె అయినా చెడిపోతే ఎలాగని చాలా బాధపడి, అందరి కీలకూ ఒక్కో నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి తనకిమ్మన్నాడు. మనోళ్లమే కదా అన్నాడు. తీసిచ్చాను. ఎవరినీ అడగలేదు. ఆ విధంగా కొన్ని రాష్ట్రాల వికేంద్రీకరణలో మా వాటా అంతా తరిగొప్పులలో ఒక బీరువాలో, పట్టుచీరల కింద చేరింది.

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, కారణం చెబుతాను. మా వైపు సంఘాల్లో తీర్మానాల పుస్తకం అనేది ఒకటి ఉంటుంది. సమావేశానికి ఎవరు రాకపోయినా పుస్తకంలో మాత్రం అందరూ వచ్చినట్టే. పుస్తకం బండెక్కి ఇంటింటికీ తిరుగుతుంది. ఇంట్లో లేనివాళ్ల సంతకం ఉన్నవాళ్లు పెడతారు. దీన్ని ఎవరూ దొంగతనం అనుకోరు, సాయం అనుకుంటారు. మా బడిలో తెలుగు సార్ బస్సు తప్పిన ప్రతిసారీ హాజరు పట్టీలో ఆయన సంతకం నేనే పెట్టేవాణ్ణి. నా సంతకం కంటే ఆయన సంతకమే నాకు బాగా వచ్చు.

వానాకాలం మొదట్లో ఒక గాలిదుమారం వచ్చి తండా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు రోజులు కరెంటు లేదు. మొదటి గంటలోనే అధ్యక్షుడు ఫోన్ చేశాడు. అన్ని రాష్ట్రాల సంఘాలూ కలిసే పెద్ద సమావేశం దగ్గర పడింది, అందులో ఆయన కన్వీనర్ పదవికి నిలబడుతున్నాడు. మా సంఘానికి ఇంతవరకు ఒక్క గైర్హాజరు లేదని గొప్పగా చెప్పుకుంటున్నాడు.

"గిప్పుడు తండామె ఆబ్సెంట్ వడితె మన ఇజ్జత్ వోతది తమ్మీ. ఆమె తరఫున జర నువ్వు నడిపియ్యి. కరెంటొచ్చేదాంక."

మిల్లు గుమాస్తా బండి మీద పెన్‌డ్రైవ్ తెచ్చి, నేను ఆమె కీ ఎక్కించుకున్నాక వాపసు తీసుకుపోయాడు. నేను ల్యాబులో పదో కంప్యూటర్‌ను ఓపిగ్గా అడిగాను. అది ఆమె వేలితో సంతకాలు చేయడం మొదలుపెట్టింది. ఒక్క గైర్హాజరు పడలేదు. ఆమెకు ఫోన్ చేసి చెప్పాలని నాకు తోచలేదు. తోచలేదని రాయడం కూడా సుఖంగా ఉంది. నిజానికి అవసరం లేదనుకున్నాను. ఆమె తరఫున పని జరుగుతోంది కదా, ఇంక ఆమెతో పనేముంది. సాయం చేసిన మనిషిలాగా చాయ్ తాగాను.

మూడో రోజు మధ్యాహ్నం నేను ఏడో తరగతికి పాఠం చెబుతుండగా తండాలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించారు. కరెంటు వచ్చింది. ఆమె పెట్టె దానంతట అదే లేచింది. లేచి, తన వేలు తనదే అనుకుని సంతకం మొదలుపెట్టింది. ఇక్కడ పదో కంప్యూటర్ కూడా అదే వేలితో పెడుతూనే ఉంది. వచ్చిన పేజీని ఇది ఒక రకంగా చూసింది, రెండు రోజులు నిద్రపోయి లేచిన అది ఇంకో రకంగా చూసింది. పాఠం అయ్యేలోపు మిగతా ఊళ్ల పెట్టెలన్నీ సంగతి పట్టేశాయి. ఆమె కీ వెలి.

ఆమె ఫోన్ చేసింది. "అన్నా, పచ్చ లైటొచ్చింది, మల్ల ఎర్రగైంది. నేనేమన్న జేసిన్నా?"

నువ్వేమీ చేయలేదని చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను చూస్తానన్నాను.

వారం తిరక్కుండానే జనగామలో మిల్లువాళ్ల ఆఫీసులో సమావేశం పెట్టారు. ఆమె మహబూబాబాద్‌లో రైలెక్కి వచ్చింది. కాటారం లైన్‌మన్ ఒంట్లో బాగాలేక రాలేదు. అధ్యక్షుడు ఆమెకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఎంత మెత్తగా మాట్లాడాడంటే, పక్క గదిలో వినేవాళ్లు పెళ్లి మాటలనుకుంటారు. నీ తప్పని ఎవరూ అనడం లేదు చెల్లె అన్నాడు. కానీ తండాలో కరెంటు నిలవదు, నీకు చేను, పిల్లలు, ఇంత బరువు నీకెందుకు అన్నాడు. ఆ సీటు తన మిల్లుకు మారిస్తే ఆమె పేరు మీదే తాను చూసుకుంటానన్నాడు.

"నేను దాన్ని ముట్టనే లేదు పటేలా," అంది ఆమె. "కరెంటొచ్చింది, అదే లేసింది. గంతే."

ఆయన నా వైపు తిరిగాడు. బీరువా ఆయనది, పెన్‌డ్రైవ్ ఆయనది, ఫోన్ ఆయనది. కళ్లలో ఏమీ లేదు.

"సారున్నడు గద, చెప్తడు. మిషిని ఉత్తగనే గట్ల జేస్తదా సారూ?"

"మామూలుగనైతె చెయ్యది," అన్నాను.

అది నిజం. నేను ఇంతవరకు చాలా అబద్ధాలు చెప్పాను, ఏదీ ఆ నిజమంత నీచంగా లేదు. ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. నేను చెప్పానంటే తానే ఏదో చేసి ఉంటుందని నమ్మినట్టుగా చూసింది. రైలు టైమైందని లేచి వెళ్లిపోయింది. చాయ్ అలాగే ఉంది.

మూడు రోజుల తర్వాత గుమాస్తా తీర్మానాల పుస్తకం తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నాలుగు వరుసల తీర్మానం. సాంకేతిక కారణాల వల్ల, క్రమశిక్షణ దృష్ట్యా, తండాకు కేటాయించిన స్థానాన్ని తరిగొప్పులకు మార్చడమైనది, సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. కింద అధ్యక్షుడి సంతకం ఉంది. కాటారం ఆయన సంతకం ఉంది. నా పేరు ముందు ఖాళీ. ఆమె పేరు ముందు ఆమె సంతకం.

నాకు ఆమె సంతకం తెలుసు. పెద్దయ్యాక నేర్చుకున్న సంతకం. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని ముందుకు పోతుంది. ఇది ఒక్క ఊపులో పక్కకు వాలిపోయింది.

గుమాస్తాను అడిగాను. అతను దాచలేదు. దాచాల్సిన సంగతని అతనికి తెలియదు.

"గంత దూరం ఎవ్వలు వోతరు సార్. కాటారమాయనది, ఆమెది, తరఫున నేనే పెట్టిన. మీది గూడ పెడ్దును గని, మీరు ఊర్లెనే ఉంటిరి."

రెండు సంతకాలు చేసిందని ఆమెను తీసేసే కాగితం అది. దాని మీద ఆమె సంతకం ఇంకొకడు పెట్టాడు. పుస్తకాన్ని ఎత్తి రోడ్డు మీద విసిరేద్దామనిపించింది. గుమాస్తా చొక్కా పట్టుకుందామనిపించింది. చేయి లేచింది కూడా. అతని జేబులో పెన్ను కనిపించి ఆగిపోయాను. రెండు రూపాయల పెన్ను. నేను అదే పని కంప్యూటర్‌తో చేశాను, అంతే తేడా. అతనికంటే నేను ఎక్కువ చదువుకున్నాను కాబట్టి నా దొంగసంతకం ఎక్కువ ఊళ్లకు చేరింది.

పుస్తకం నా దగ్గరే ఉంచుకుని అతన్ని పంపించేశాను. మర్నాడు బడికి సెలవు పెట్టి, నా తరఫున మాత్రం ఎవరూ సంతకం పెట్టవద్దని తెలుగు సార్‌కి మరీ మరీ చెప్పి, రైలెక్కాను.

ఆమె మిరప నారుమడి దగ్గర ఉంది. గట్టు మీద నిలబడే అంతా చెప్పాను. బీరువా, పెన్‌డ్రైవ్, పదో కంప్యూటర్, ఏదీ వదల్లేదు. పుస్తకం చూపించాను. చేతులు చీరకు తుడుచుకుని, వేలు పెట్టి వరుస వెంట వరుస చదివింది. చివర్లో వేలు ఆగింది.

"గిది నాది గాదు."

"కాదు చెల్లె. పెట్టెల పడ్డ రెండోది గూడ నీది కాదు. అది నాది."

"నీకెప్పటిసంది ఎరికె?"

"మొదటిసంది."

ఆమె పుస్తకం మూసింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది.

"తండ మొత్తం నన్ను చూసి చేతులెత్తింది సార్. మా అత్తకు నేనంటె పడది, ఆమె గూడ ఎత్తింది. గిన్నొద్దుల సంది నేను బోరింగు కాడికి వోతె అందరు సప్పుడు జేస్తలేరు. దుకాణపోడు మోసం జేసిండని కొట్లాడినదాన్ని, నేనే మోసం జేసిన్నని అనుకుంటుండ్రు." పుస్తకం నా చేతికిచ్చేసింది. "నా బదులు మిర్పకాయ ఏరనీకి ఒక్కలు రాలే. సంతకం వెట్టనీకి మాత్రం ఇద్దరొచ్చిండ్రు."

అన్న పోయి సార్ వచ్చాడు. ఆ సార్‌లో మర్యాద ఏమీ లేదు.

నియమం ప్రకారం వెలి పడేది కీకే, మనిషికి కాదు. జరిగింది జరిగినట్టు అన్ని సంఘాలకూ రాసి పంపాలి. ఆమె ఊరివాళ్లు ఆమెను మళ్లీ ఎన్నుకోవాలి. మిగతా సంఘాల సాక్షులు సరేనంటే కొత్త కీతో రావచ్చు. నేను ఆ రోజే తండా బడి అరుగు మీద కూర్చుని రాశాను. రెండో సంతకం నాది, నకలు తీసింది నేను, తీయమన్నది ఫలానా, ఆమెకు ఏమీ తెలియదు. అక్షరాలు ముచ్చటగా వచ్చాయి. ఫోటో తీసి అన్ని సంఘాలూ చూసే చోట పెట్టాను. మైకు అడిగి తీసుకుని తండాలో కూడా చదివాను. చదువుతుంటే వాళ్ల భాషలో ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఏమన్నారని ఆమెను అడిగాను. చెప్పలేదు. తిట్టే అయి ఉంటుంది, మంచి తిట్టే అయి ఉంటుంది.

నేను ఇల్లు చేరకముందే అధ్యక్షుడి ఫోన్. ఇంట్ల ముచ్చట ఇంట్ల ఉండాలె తమ్మీ, అన్ని రాష్ట్రాలోళ్ల ముంగట పెడ్తమా అన్నాడు. ఇల్లు మీది పటేలా, ముచ్చట ఆమెది అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన మాట పూర్తి కాకముందే ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక స్విచ్ ఆఫ్ కూడా చేశాను, అది వేరే సంగతి.

తర్వాతి సమావేశం జనగామలో కాదు, తండాలో పెట్టాలని ఆమె పట్టుబట్టింది. అధ్యక్షుడు కారులో వచ్చాడు. లైన్‌మన్ జ్వరం తగ్గిన ఒంటితో కాటారం నుంచి మూడు బస్సులు మారి వచ్చాడు. తాను చేయని సంతకాన్ని పుస్తకంలో చూసుకుని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అధ్యక్షుడు అంతా గుమాస్తా తెలివితక్కువ పని అన్నాడు. అతన్ని మాన్పించేశానన్నాడు. సాయం చేయబోతే తప్పైందన్నాడు.

లైన్‌మన్ ఆయన్ని ఆపాడు. "పటేలా, నేను ముప్పై ఏండ్లు స్తంభాలెక్కిన. మీద మనిషున్నడా లేడా అడగకుంట కింద స్విచ్ వేస్తె ఏమైతదో నాకు ఎరికె. దాన్ని సాయమనరు." తర్వాత చేయి చాపాడు. "గా పెన్‌డ్రైవ్ ఇటియ్యి."

అధ్యక్షుడు జేబులోంచి తీసి ఇచ్చాడు. తెచ్చుకున్నాడంటే ఇవ్వాల్సి వస్తుందని ముందే తెలుసన్నమాట. ఆమె దాన్ని తీసుకుని, కారం దంచే రోట్లో వేసి రోకలితో దంచింది. రెండు పోట్లకే పని అయిపోయింది. ఆమె చాలాసేపు దంచింది.

తండావాళ్లు మళ్లీ చేతులెత్తారు. అత్త ఎత్తిందో లేదో నేను ప్రత్యేకంగా చూశాను. రెండు చేతులూ ఎత్తింది. ఒకటి లెక్కలోకి తీసుకున్నాం.

కొన్నాళ్లకు మిగతా సంఘాల జవాబు వచ్చింది. ఆమె రావచ్చు. మా నాలుగు కీలూ పారేసి, ఎవరిది వాళ్లింట్లో, వాళ్ల చేత్తో కొత్తగా చేసుకోవాలి. నన్ను మాత్రం పక్కన పెట్టారు. నా పెట్టె ఇంకొకరి ఇంటికి పోయింది, ఇతరుల పెట్టెలు ముట్టుకోవద్దన్నారు. న్యాయమే. అధ్యక్షుడు కన్వీనర్ కాలేదు గానీ అధ్యక్షుడిగా ఉన్నాడు. గుమాస్తాకు ఇంకా పని దొరకలేదు. అందరూ చేసే పనిని అందరికంటే తక్కువవాడు చేసినందుకు అతనొక్కడే రోడ్డు మీద పడ్డాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నా చేతిరాత బాగుపడుతుంది.

కొత్త కీ చేసుకునే రోజు ఆమె నాకు ఫోన్ చేసింది. బయట కూర్చోవాలి, అడిగింది చెప్పాలి, లోపలికి రాకూడదు. ఈ షరతుల మీద వెళ్లాను. వాకిట్లో మంచం వేసి, ఇంటికి వీపు, చేనుకు ముఖం పెట్టి కూర్చోమంది. కూర్చున్నాను.

కీ తయారయ్యేటప్పుడు తెర మీద ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు వస్తాయి. అవి కాగితం మీద రాసుకోవాలి, ఇంకెవరూ చూడకూడదు. ఆమెకు ఇంగ్లీషు రాదు, అక్షరాలు మాత్రం వచ్చు. ఒక్కో అక్షరం చూసి, రాసి, మళ్లీ చూసి సరిచూసుకుంటోంది. లోపల పెన్ను చప్పుడు వినిపిస్తోంది. నేనైతే రెండు నిమిషాల్లో రాసిచ్చేవాణ్ణి. ఆ మాట నోటి దాకా వచ్చింది. నా వేళ్ల మీద నేనే కూర్చున్నాను.

నారు నాటిన మిరప చేను ఎండలో వాలి ఉంది. ఎవరో ఒక మడికి నీళ్లు మళ్లించి వెళ్లారు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. లోపల పెన్ను చప్పుడు ఆగిపోయింది.

"పచ్చ లైటొచ్చిందా చెల్లె?" అని చేనును అడిగాను.

"వచ్చింది," అంది వెనక నుంచి. "ఇటు తిరగకు సార్. కాగితం ఇంక మడవలే."